అటక మీది స్పోర్ట్స్ పత్రికలు: ముఖచిత్రాల్లో ఆడవాళ్లు నిజంగా మారారా?

అటక_సామాన్లు
శనివారం, రాత్రి 9.12

పండక్కి వెల్ల వేయిద్దామని తెనాలిలో మా పాత ఇంటి అటక దులిపించాను. ఒక రేకుపెట్టె దిగింది. నిండా స్పోర్ట్స్ పత్రికలు. ఎనభైల మొదట్నుంచి 2006 దాకా మా అన్నయ్యా నేనూ పోటీపడి కొన్నవి. కింది వరస చెదలు తినేశాయి. పైవాటిలో చాలావరకు మధ్యపేజీ పోస్టర్లు లేవు. హాస్టల్ గోడలకి అన్నం మెతుకులతో అంటించేశాం కదా.

పాతపేపర్ల అతను కాటా పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. నేనేమో కపిల్‌దేవ్ దగ్గర కాసేపు, ఆనంద్ దగ్గర కాసేపు ఆగిపోతున్నా. డిగ్రీ చదివే మా అమ్మాయి పక్కన చేరి, అట్టలు మాత్రమే తిరగేసుకుంటూ పోయి ఒక మాట అంది: "నాన్నా, ఇందులో ఆడవాళ్లున్నారు గానీ, ఆడుతున్నవాళ్లు ఏరీ?"

ఉన్నారని వాదించాను. చూపించమంది. వెతగ్గా వెతగ్గా పి.టి. ఉష హర్డిల్ దాటుతున్న పోస్టర్ ఒకటి దొరికింది, అదీ చిరిగింది. మిగతావన్నీ కప్పు ఎత్తి నవ్వుతున్న స్టెఫీ గ్రాఫ్, జుట్టు సవరించుకుంటున్న సబాటినీ, ఆ తర్వాత కోర్నికోవా, మళ్లీ కోర్నికోవా, ఇంకా కోర్నికోవా. మగవాళ్లు మాత్రం చెమటలు కక్కుతూ, డైవ్ కొడుతూ, బంతిని ఉతికేస్తూ ఉన్నారు. పాతికేళ్లు ఇవే పత్రికలు చదివాను. ఒక్కసారి కూడా ఈ తేడా కంటికి ఆనలేదు.

ఇప్పుడైనా మారిందా? మీరేమంటారు? పెట్టె అమ్మాలా వద్దా అన్నది కూడా చెప్పండి. అతను టీ తాగి వెళ్లాడు, సోమవారం మళ్లీ వస్తానన్నాడు.

మూడడుగులు
శనివారం, రాత్రి 9.31

అంకుల్, ఉష పోస్టర్ మాత్రం అమ్మకండి ప్లీజ్. మిగతా విషయం తీరిగ్గా రాస్తా, రేపు పొద్దున ట్రైనింగ్ ఉంది.

నైట్‌డెస్క్
శనివారం, రాత్రి 10.05

ఇరవై ఏళ్లకి పైగా ఒక తెలుగు దినపత్రిక స్పోర్ట్స్ డెస్కులో పనిచేశాను. పత్రిక పేరు అడక్కండి. మీ అమ్మాయి పట్టుకున్నది సరిగ్గా మేం చేసిన పనే.

రాత్రి పదకొండుకి ఏజెన్సీ ఫొటోలు దిగేవి. మగవాళ్ల మ్యాచ్ అయితే "యాక్షన్ ఉందా?" అని వెతికేవాళ్లం. ఆడవాళ్ల టెన్నిస్ అయితే "కలర్‌ఫుల్‌గా ఏదైనా ఉందా?" అని. ఆ మాటకి అర్థం డెస్కులో అందరికీ తెలుసు. కోర్నికోవా ఒక్క సింగిల్స్ టైటిల్ కూడా గెలవకుండానే రిటైరైంది. డబుల్స్‌లో హింగిస్‌తో కలిసి రెండుసార్లు ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, ఆ సంగతి ఎంతమందికి గుర్తుంది? ఆవిడ ఓడినా ఫొటో ఆవిడదే. గెలిచినావిడ పేరు క్యాప్షన్‌లో వచ్చేది. హెడ్డింగులు చెప్పమంటారా? టెన్నిస్ భామ, రష్యా ముద్దుగుమ్మ, అమ్మడి జోరు. నేనే పెట్టాను, ఇంకెవరినో అనడం దేనికి.

2000 సెప్టెంబర్ 19న సిడ్నీలో మల్లీశ్వరికి కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ, అదీ మన శ్రీకాకుళం ఆడపడుచు. బ్యానర్ ఖాయం. రెండు ఫొటోలు టేబుల్ మీద ఉన్నాయి. ఒకదాంట్లో బార్ భుజాల మీద ఉంది, మెడ నరాలు తేలాయి, పళ్లు బిగబట్టి ఉంది. రెండోది మెడలో పతకం, చిరునవ్వు. ఇన్‌ఛార్జి మొదటి దాన్ని పక్కకి తోసి, "ముఖం అలా ఉందేంటి, పొద్దున్నే కాఫీ తాగుతూ చూసే పేపరు కదయ్యా" అన్నాడు. నవ్వే వెళ్లింది. అదే ఏడాది ఒక క్రికెటర్ పళ్లు బిగబట్టి బౌలింగ్ చేస్తున్న ఫొటోని ఐదు కాలాల్లో వేశాం. అప్పుడు ఎవరి కాఫీ చెడలేదు.

మార్కెట్_మాట
శనివారం, రాత్రి 10.40

ఇదంతా వినడానికి బాగుంటుంది. పత్రిక ధర్మసత్రం కాదు బాబాయ్. జనం ఏది చూస్తే అది వేస్తారు. ఆడవాళ్ల మ్యాచ్‌కి స్టేడియం నిండనప్పుడు అట్ట మీద ఎందుకు వేయాలి? అందంగా ఉన్నవాళ్లని అందంగా చూపిస్తే తప్పేంటి? బెక్‌హామ్‌ని చూపించలేదా?

మిన్నెసోటా_మాధవి
ఆదివారం, ఉదయం 8.20

మార్కెట్ గారూ, మేమున్న ఊళ్లోనే మీ ప్రశ్న మీద పరిశోధన జరిగింది. మిన్నెసోటా యూనివర్సిటీలో టక్కర్ సెంటర్ అని ఉంది, క్రీడల్లో ఆడపిల్లల మీద పనిచేస్తుంది. అక్కడ మేరీ జో కేన్ అనే ప్రొఫెసర్ ఏళ్ల తరబడి ఇదే చూశారు. పాఠకులకి రకరకాల ఫొటోలు చూపించి, ఏది చూస్తే ఈ ఆట చూడాలనిపిస్తుంది అని అడిగారు. ఒళ్లు చూపించే ఫొటోలు చూసినవాళ్లకి ఆ ఫొటో మీద ఆసక్తి పెరిగిందే గానీ ఆట మీద పెరగలేదు. ఆట మీద ఆసక్తి రేపింది ఆడుతున్న ఫొటోలే. మీరు అమ్మాలనుకున్న సరుకు ఒకటి, అమ్ముడుపోయింది ఇంకోటి.

ఇక్కడ అమెరికాలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అనే పత్రిక కథ చెప్తాను, మీ రేకుపెట్టె కథకి ఇది పెద్దక్క లాంటిది. పత్రిక 1954లో మొదలైంది. చలికాలంలో పెద్ద ఆటలుండవు, పేజీలు నిండవు. అందుకని 1964 జనవరిలో ఈతదుస్తుల మోడళ్ల ఫొటోలు వేశారు. ఆటలు లేనప్పుడు ఖాళీ పూడ్చడానికి పెట్టింది చివరికి ఆ పత్రికకే గుర్తింపైంది. 1972లో బిల్లీ జీన్ కింగ్‌కి ఏటా ఇచ్చే మేటి క్రీడాకారుల గౌరవం ఇచ్చారు, అదీ ఒక మగ బాస్కెట్‌బాల్ కోచ్‌తో కలిపి. ఆవిడ ఊరుకోకుండా 1974లో ఆడవాళ్ల క్రీడల కోసం సొంతంగా పత్రికే పెట్టింది.

1999 జులైలో రోజ్ బౌల్‌లో 90 వేల మంది ముందు బ్రాండీ చాస్టెయిన్ ఆఖరి పెనాల్టీ కొట్టి, చైనా మీద ప్రపంచకప్ గెలిపించి, చొక్కా తీసి మోకాళ్ల మీద కూలబడింది. మగ ఫుట్‌బాలర్లు ఎప్పుడూ చేసేదే. స్పోర్ట్స్ బ్రా, పిడికిళ్లు, పొట్ట కండలు, అరుస్తున్న నోరు. ఆ ఫొటో అట్ట మీదకి ఎక్కింది. ఇక మారిపోయిందనుకున్నారు అందరూ. ఏడాది తిరక్కుండానే, 2000 జూన్‌లో, అదే పత్రిక అట్ట మీద కోర్నికోవా దిండు కావలించుకుని కూర్చుంది.

ఆ తర్వాతి లెక్క ఇంకా ఘోరం. 2000 నుంచి 2011 దాకా వాళ్ల అట్టల్ని లెక్కపెట్టిన ఒక అధ్యయనంలో ఆడవాళ్లు కనిపించినవి నూటికి ఐదు కూడా లేవు, 4.9 శాతం. పత్రిక పుట్టిన కొత్తలో, 1954–65 మధ్య, ఇంతకన్నా ఎక్కువే ఉన్నాయట. చదువులో, ఆటలో ఆడపిల్లలకి సమాన అవకాశం ఇవ్వాలన్న చట్టం ఇక్కడ 1972లో వచ్చింది. మైదానాల్లోకి లక్షలమంది వచ్చారు, అట్ట మీదకి మాత్రం రాలేదు.

లెన్స్_లక్ష్మణ్
ఆదివారం, ఉదయం 10.02

ఫొటోగ్రాఫర్ని కాబట్టి రెండు ముక్కలు. డెస్కు బాబాయ్ చెప్పింది నిజమే, కానీ తప్పంతా డెస్కుది కాదు. మా వైపు కూడా ఉంది.

బ్యాడ్మింటన్ హాల్లో ఫ్లాష్ వేయనివ్వరు. వెలుతురు కోర్టు మీదే, చుట్టూ చీకటి. షటిల్ రాకెట్‌కి తగిలే క్షణం పట్టాలంటే కూర్చునే చోటు కావాలి, ఓపిక కావాలి, మ్యాచ్ మొత్తం ఉండాలి. పురుషుల సెమీఫైనల్‌కి అంతా ఉంటారు. ఆడవాళ్ల తొలి రౌండ్‌కి వచ్చినవాడు నాలుగు పాయింట్లు చూసి, పిడికిలి బిగించి అరిచే ఫొటో ఒకటి, టవల్‌తో ముఖం తుడుచుకునే ఫొటో ఒకటి తీసుకుని బిర్యానీకి వెళ్లిపోతాడు. నేనూ వెళ్లాను. తర్వాత ఆ అమ్మాయి పెద్ద స్టార్ అయితే మా ఫైల్లో ఉండేది టవల్ ఫొటోనే.

సింధునే తీసుకోండి. 2017లో గ్లాస్గోలో ఒకుహారాతో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు ఆడి ఓడింది. 2019లో బాసెల్‌లో అదే ఒకుహారాని ఫైనల్లో 21-7, 21-7తో 40 నిమిషాల్లోపే ముగించేసింది. రెండేళ్లలో ఏం మారింది? ర్యాలీని సాగనీయకుండా ముందే కొట్టేయడం ఎలా నేర్చుకుంది? ఆరడుగులకి కాస్త తక్కువ ఎత్తున్న మనిషి గాల్లోకి లేచి వెనక్కి విల్లులా వంగినప్పుడు నడుము ఎక్కడుంటుంది, మోచెయ్యి ఎక్కడుంటుంది? ఆ ఫొటో వేసి, దాని పక్కన ఆ ముక్క రాసిన పత్రిక నాకు కనబడలేదు. జెండా కప్పుకున్న ఫొటో మాత్రం మన ఇళ్లన్నిటికీ వచ్చింది.

మార్కెట్ బ్రదర్‌కి ఇంకో సంగతి. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య ఆడవాళ్లు స్కర్టులే వేసుకోవాలని రూలు తేబోయింది, ఆట ఆకర్షణీయంగా కనిపించాలట. ప్లేయర్లు గొడవ చేశారు. 2012లో వెనక్కి తగ్గారు. స్కర్టులు లేకుండానే ఆ ఏడాది సైనా లండన్ నుంచి కాంస్యం తెచ్చింది. ఆట ఆకర్షణ ఎక్కడా తగ్గినట్టు లేదు.

అక్షరం
ఆదివారం, మధ్యాహ్నం 12.15

తెలుగు మాస్టారిని. ఫొటోల సంగతి మీరు చూసుకోండి, నాకు మాటల మీదే చూపు పోతుంది. మన భాషలో "గెలిచింది" అంటే ఆవిడైనా, ఆవైనా, ఆర్టీసీ బస్సైనా ఒకటే. "గెలిచాడు" అంటే మనిషి. స్పోర్ట్స్ పేజీలో "శ్రీకాంత్ గెలిచాడు, సింధు గెలిచింది" అని పక్కపక్కనే చదివినప్పుడల్లా ఎక్కడో గుచ్చుకుంటుంది.

మార్కెట్_మాట
ఆదివారం, మధ్యాహ్నం 12.31

వ్యాకరణం మీద కూడా కేసు పెడతారా మాస్టారూ? కోహ్లీ కూడా "కొట్టాడే", "కొట్టారు" కాదు. స్పోర్ట్స్ పేజీలో గౌరవాన్ని గుమ్మం బయట వదిలేసే లోపలికి వస్తాం.

మిన్నెసోటా_మాధవి
ఆదివారం, మధ్యాహ్నం 12.50

ఇక్కడ మాత్రం మార్కెట్ గారితో నేను. సానియా "ఆడారు, గెలిచారు" అంటే మున్సిపల్ ఛైర్మన్ రిబ్బన్ కట్ చేసిన వార్తలా ఉంటుంది. అయితే మాస్టారూ, మీ బాధకి సరిపడే కథ ఒకటుంది. 2015లో సెరెనా విలియమ్స్ మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. అదే ఏడాది అమెరికన్ ఫారో అనే గుర్రం ట్రిపుల్ క్రౌన్, అంటే ఇక్కడి మూడు పెద్ద గుర్రప్పందాలూ, కొట్టింది. మేటి ఎవరు అని స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వెబ్‌సైట్‌లో పాఠకుల ఓటు పెడితే గుర్రానికే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సంపాదకులు సెరెనాకి ఇస్తే గుర్రం అభిమానులకి కోపం వచ్చింది. ఆ వార్త తెలుగులో రాస్తే "గుర్రం గెలిచింది, సెరెనా గెలిచింది".

అక్షరం
ఆదివారం, మధ్యాహ్నం 1.04

హతవిధీ.

నైట్‌డెస్క్
ఆదివారం, మధ్యాహ్నం 2.30

క్రియాపదం సంగతి వదిలేయండి. అసలు తేడా నామవాచకంలో ఉంది. మగవాళ్లు ఆడితే "టీమిండియా". ఆడవాళ్లు ఆడితే "మన అమ్మాయిలు". మిథాలీ రాజ్ 39 ఏళ్లకి రిటైరయ్యేదాకా అమ్మాయే. ధోనీ జట్టుని "మన అబ్బాయిలు అదరగొట్టారు" అని ఎప్పుడైనా పెట్టామా? 2021 సెప్టెంబర్‌లో క్రికెట్ నిబంధనలు రాసే ఎంసీసీ వాటిల్లో బ్యాట్స్‌మన్‌ని తీసేసి బ్యాటర్ అని రాసుకుంది. మన డెస్కుల్లో కూడా ఆ మాట చాలా త్వరగా నిలదొక్కుకుంది, ఎవరికీ నోరు తిరగకపోవడం లాంటిది ఏమీ జరగలేదు. మార్చాలనుకుంటే ఒక్క రాత్రి పని.

సానియా గురించి కూడా చెప్పాలి. 2005లో హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ టైటిల్, యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండ్. ఆ ఏడాది ఆవిడ ముక్కుపుడక మీద, స్కర్టు పొడవు మీద, టీషర్టు మీది రాతల మీద రాసిన అక్షరాల్లో పదో వంతు ఆవిడ ఫోర్‌హ్యాండ్ మీద రాయలేదు. బట్టల మీద ఫత్వా అన్నారు, అదో వారం నడిచింది. 2016 నాటికి ఆవిడ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. అప్పుడు కూడా టీవీ ఇంటర్వ్యూలో "ఎప్పుడు సెటిలవుతారు, తల్లి ఎప్పుడవుతారు" అని ప్రశ్న. ఆవిడ అక్కడికక్కడే అంటించింది, అడిగిన పెద్దమనిషి క్షమాపణ కూడా చెప్పాడు. అంతకుముందు అయితే అడిగినవాడు నవ్వేవాడు, ఆవిడా నవ్వాల్సి వచ్చేది. మార్పంటూ వచ్చిందంటే అది మొదట వాళ్ల నోట్లో వచ్చింది, మా పేజీల్లో కాదు.

కడప_స్పిన్
ఆదివారం, సాయంత్రం 4.18

బాబాయ్ 2017 జూన్ కూడా రాయి. మిథాలీని "మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరు" అని అడిగితే, "మగ క్రికెటర్ని ఇదే ప్రశ్న అడుగుతారా" అంది చూడు. నెల తిరిగేసరికి లార్డ్స్‌లో ప్రపంచకప్ ఫైనల్. తొమ్మిది పరుగుల తేడాతో పోయింది. మమ్మల్ని ముంచిన ఇంగ్లండ్ బౌలర్ ఆన్యా ష్రబ్‌సోల్ (46 పరుగులకి 6 వికెట్లు, ఇంకా కడుపు మండుతుంది) 2018 విజ్డెన్ అట్ట మీదకి ఎక్కింది. 1864 నుంచి ఏటా వస్తున్న క్రికెట్ పుస్తకం, అట్ట మీద ఒక మహిళ రావడం అదే మొదటిసారి. ఓడిపోయింది మనమే అయినా ఆ అట్ట చూసి నాకు సంతోషమేసింది, ఎందుకో.

మార్కెట్_మాట
ఆదివారం, సాయంత్రం 4.40

సరే, ఒక ప్రశ్న. సెరెనా 2015లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ అట్ట మీద నల్ల లేసు బట్టల్లో, హైహీల్స్ వేసుకుని సింహాసనం మీద కాలు వేసుకుని కూర్చుంది. ఆ ఆలోచన తనదేనని పత్రికే చెప్పింది. 1983 తర్వాత ఆ గౌరవం ఒంటరిగా అందుకున్న తొలి మహిళ ఆమే. ఇప్పుడేమంటారు? రాకెట్ లేదు, చెమట లేదు. తప్పెవరిది?

మిన్నెసోటా_మాధవి
ఆదివారం, రాత్రి 7.55

మంచి ప్రశ్న, ఇక్కడ మా ఇంట్లోనే ఒప్పుకోరు. ఆమె ఒళ్లు మగాడి ఒళ్లులా ఉందని పదిహేనేళ్లు వెక్కిరించారు. ఆ ఒంటినే సింహాసనం మీద కూర్చోబెట్టి "చూడండి" అంది. నాకు అందులో పొగరు కనిపిస్తుంది, మా చెల్లికి పాత కథే కనిపిస్తుంది. నేను ఎటూ తేల్చుకోలేదు.

ఈఎస్పీఎన్ పత్రిక 2009 నుంచి ఏటా వేసిన ప్రత్యేక సంచికలో ఆటగాళ్లు, ఆడవాళ్లూ మగవాళ్లూ, బట్టల్లేకుండా ఉండేవాళ్లు. మొదటి ఏడాది అట్టల్లో ఒకదాని మీద సెరెనాయే. వినడానికి దిండు ఫొటో కన్నా దారుణంలా ఉంటుంది. చూస్తే మాత్రం భుజం ఎలా కట్టుకుందో, తొడ కండ ఎక్కడ మొదలవుతుందో అర్థమయ్యేది. బట్ట ఎంత ఉందన్నది కాదేమో లెక్క, ఆ ఒళ్లు ఏం చేయగలదో చెప్తోందా లేదా అన్నది. 2015లోనే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ వాళ్లు ప్రపంచకప్ గెలిచిన అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టులో ఒక్కొక్కరికీ విడివిడిగా అట్ట వేశారు. బెంచీ మీద కూర్చున్న మూడో గోల్‌కీపర్‌కి కూడా. అది నాకు సెరెనా సింహాసనం కన్నా పెద్ద మార్పు.

సిక్కోలు_పీఈటీ
ఆదివారం, రాత్రి 9.20

ఆలస్యంగా వచ్చాను, స్కూల్ గేమ్స్ ఉన్నాయి. ఆమదాలవలస దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. మల్లీశ్వరి గారి ఊసవానిపేట మాకు పక్కనే. నా పిల్లల్ని అడిగితే ఆమె తొలి పతకం అని చెప్తారు, నీలంశెట్టి అప్పన్న మాస్టారు నేర్పారని చెప్తారు, ఎంత కష్టపడ్డారో చెప్తారు. "ఆ రోజు ఎంత ఎత్తారు?" అంటే ఒక్కరూ చెప్పరు. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో లేదు కదా.

నేను బోర్డు మీద రాసి చెప్తాను. 69 కిలోల విభాగం. 1994, 95ల్లో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల్లో, అంటే మూడు తరగతులో నాలుగో పైకి వచ్చి కొత్త ఒంటితో ఎత్తుతోంది. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లోకి రావడమే అదే మొదటిసారి. స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదకి ఎత్తేది) 110. క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదకి, తర్వాత తల మీదకి) 130. మొత్తం 240. చైనా అమ్మాయి లిన్, హంగేరీ మార్కుస్ ఇద్దరూ 242.5. సమానమైతే ఒంటి బరువు తక్కువున్నవాళ్లది పైచేయి, అలా లిన్‌కి బంగారం. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి బార్ మీద 137.5 పెట్టించారు. అంతకుముందు ఎత్తినదానికన్నా ఏడున్నర కిలోలు ఎక్కువ. అది లేస్తే 247.5, నేరుగా బంగారం. లేవలేదు.

ఇక్కడ ఆపి పిల్లల్ని అడుగుతాను: మీరైతే 137.5 పెట్టేవారా, 132.5 పెట్టి 242.5 దగ్గర తూకం మీద కూర్చునేవారా? గంటసేపు కొట్టుకుంటారు. అబ్బాయిలు కూడా. ఆ గంటలో ఎవరికీ ఆమె ఆడమనిషన్న సంగతి గుర్తుండదు. డెస్కు గారూ, మీరు పక్కకి తోసిన ఆ ఫొటో, బార్ భుజాల మీదున్నది, నాకు దొరికితే పాఠం చెప్పడానికి పనికొచ్చేది. నవ్వే ఫొటోతో ఏం చెప్పను?

నైట్‌డెస్క్
ఆదివారం, రాత్రి 9.41

మాస్టారూ, ఈ 137.5 సంగతి ఆ రాత్రి మా కాపీలో ఉందో లేదో గుర్తులేదు. ఉన్నా ఆఖరి పేరాలో ఉండి ఉంటుంది. స్థలం చాలకపోతే ముందు కోసేది ఆఖరి పేరానే.

మూడడుగులు
సోమవారం, ఉదయం 6.50

అందరూ పాత పత్రికల గురించి రాస్తున్నారు. నేను ఇప్పుడు ఆడుతున్నదాన్ని, 100 మీటర్ల హర్డిల్స్, రాష్ట్ర స్థాయి దాటి జాతీయ మీట్లకి వెళ్తున్నా. ఇప్పటి సంగతి చెప్తా.

స్కర్టు ఫొటోల కాలం మాకు చాలావరకు పోయింది. దాని బదులు ఏడుపు వచ్చింది. కిందటేడు నా మీద ఒక మహిళల పేజీలో అర పేజీ వచ్చింది, పత్రిక పేరు వద్దులెండి. హెడ్డింగ్ "పస్తులుండి పరుగుల రాణిగా". మా నాన్న టిఫిన్ సెంటర్ నడుపుతారు. నేను పస్తుంటే ఊళ్లో వాళ్లంతా పస్తున్నట్టే. నాన్న ఆ పేపర్ పట్టుకుని రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. విలేకరి అన్న మంచివాడే. "కష్టాలు చెప్పమ్మా, కష్టాలు లేకపోతే డెస్కులో తీసుకోరు" అన్నాడు పాపం. మోకాలి దెబ్బ గురించి చెప్పా, అది రాయలేదు. నా టైమింగ్ 14.6 నిమిషాలు అని వేశారు. 14.6 నిమిషాల్లో మా బామ్మ కూడా పది హర్డిల్సూ పక్కకి జరుపుకుంటూ వచ్చేస్తుంది.

జ్యోతి యర్రాజీ అక్క గురించి ఎక్కడ చదివినా వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు అన్న వాక్యం ఉంటుంది. నిజమే, ఆమే గర్వంగా చెప్తుంది. కానీ ఆమె 13 సెకన్ల లోపు పరుగెత్తిన తొలి భారత మహిళ. అదెలా జరుగుతుందో ఎవరైనా రాశారా? మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, తర్వాత 8.5 మీటర్లకి ఒకటి, పది హర్డిల్స్, ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మధ్యలో మూడే అడుగులు. నాలుగు పడితే కాలు మారిపోతుంది, కథ అయిపోతుంది. అలసిపోయే కొద్దీ ఏడో ఎనిమిదో హర్డిల్ దగ్గర అడుగు కురచవుతుంది, హర్డిల్ దూరం జరిగినట్టు అనిపిస్తుంది, అక్కడ భయం వేస్తే పైకి ఎగురుతావు, ఎగిరావంటే గాల్లో టైం పోతుంది. ఎగరకూడదు, దాటాలి. ఇదంతా రాస్తే చదవరా? నేనైతే చదువుతా.

కళ్లెడ దీప్తి జీవాంజి విషయంలోనూ అంతే. కోబెలో పారా అథ్లెట్ల 400 మీటర్లలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఊళ్లో ఆమెని ఏమని వెక్కిరించారో మాత్రం దేశమంతా కంఠతా వచ్చు. వెక్కిరించినవాళ్ల మాటలు ఇంకా ఎన్నేళ్లు అచ్చు వేస్తారో.

ఇంకోటి. నా రేస్ ఫొటో ఒకటి పేపర్లో వచ్చింది, పెదాలు పక్కకి పోయి, బుగ్గలు జారి. మా అమ్మ "ముఖం అలా పెట్టావేంటే, సంబంధాలవాళ్లు చూస్తే?" అంది. అది నా జీవితంలో బెస్ట్ ఫొటో. ఫోన్‌లో వాల్‌పేపర్ అదే.

లెన్స్_లక్ష్మణ్
సోమవారం, ఉదయం 8.10

"ఎగరకూడదు, దాటాలి." ఇన్నేళ్లుగా హర్డిల్స్ ఫొటోలు తీస్తున్నా, ఎప్పుడూ అత్యంత ఎత్తున ఉన్నప్పుడే క్లిక్ చేశా. అంటే తప్పు చేసినవాళ్లనే అందంగా తీశానన్నమాట. చెప్పినందుకు థాంక్స్ తల్లీ.

కొత్తసభ్యుడు_9
సోమవారం, ఉదయం 9.02

అసలు 2016లో సింధు పతకం గెలిచిన రోజు మనవాళ్లు నెట్‌లో ఏం వెతికారో తెలుసు కదా. ఆమె మా

మోడరేటర్
సోమవారం, ఉదయం 9.06

పై పోస్టు అక్కడికి కత్తిరించాను. అవును, రియో పతకం రోజు ఆమె కులం కోసం వెతికారని దేశమంతా వార్త అయింది, మన రెండు రాష్ట్రాలే ముందున్నాయని కూడా. ఆ పని ఈ చర్చలో మళ్లీ చేయొద్దు.

కడప_స్పిన్
సోమవారం, మధ్యాహ్నం 1.25

2025 నవంబర్ 2 గురించి ఎవరూ రాయలేదేం? నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో ప్రపంచకప్. మా జిల్లా శ్రీచరణి టోర్నీలో 14 వికెట్లు తీసింది. తెల్లారి పేపర్లు చూశారా? దీప్తి శర్మ బంతి వదిలే చెయ్యి, అమన్‌జోత్ రెండుసార్లు చేజార్చి మూడోసారికి పట్టుకున్న క్యాచ్. అన్నీ ఆట ఫొటోలే. హర్మన్‌ప్రీత్ కప్పు పక్కన పెట్టుకుని మంచం మీద పడుకున్న ఫొటో పెట్టింది. టీషర్టు మీద క్రికెట్ పెద్దమనుషుల ఆట అన్న చోట పెద్దమనుషుల్ని కొట్టేసి "అందరి" అని రాసుంది. కోర్నికోవా దిండుకి పాతికేళ్ల తర్వాత ఇదీ మంచం మీద ఫొటోనే. తీయించుకున్నదెవరో చూడండి, చాలు.

అయితే మా చరణి గురించి కూడా చుట్టాలు ఏమన్నారు, ఊరేమంది అనేదే ఎక్కువ వచ్చింది. ఎడమచేత్తో బంతిని గాల్లో ఎంత నెమ్మదిగా వదులుతుందో, బ్యాటర్ ముందుకొచ్చాక ఎక్కడ దించుతుందో నేను మా గల్లీ పిల్లలకి యూట్యూబ్‌లో ఆపి ఆపి చూపించుకోవాల్సి వచ్చింది.

మార్కెట్_మాట
సోమవారం, మధ్యాహ్నం 2.10

ఆ ఫైనల్ రోజు స్టేడియం నిండింది. నేనూ అర్ధరాత్రి దాకా చూశాను. ఒక్క విషయం ఒప్పుకుంటా: ఆ పేపర్ నేనే రెండు కాపీలు కొన్నా. ఇక నన్ను వదిలేయండి.

అటక_సామాన్లు
సోమవారం, సాయంత్రం 5.45

పాతపేపర్ల అతను వచ్చాడు. క్రికెట్‌వి సగం ఇచ్చేశాను, కోర్నికోవావి అన్నీ ఇచ్చేశాను (మా అన్నయ్యకి చెప్పకండి). మిగతావి సిక్కోలు మాస్టారి స్కూలుకి పంపిస్తా, అడ్రస్ మెసేజ్ చేయండి మాస్టారూ. తెనాలి డిపోలో ఆర్టీసీ కార్గో ఉంది.

మూడడుగులు అమ్మా, ఉష పోస్టర్ నీకే. కానీ ముందే చెప్తున్నా, బాగా పాడైంది. ముఖం మీద మడత పడి రంగు పోయింది. ముందు కాలు దగ్గర చెద తినేసింది. ఫ్రేమ్ కట్టించడానికి పనికిరాదు.

మూడడుగులు
సోమవారం, సాయంత్రం 6.20

వెనక కాలు ఉందా అంకుల్? మోకాలు, పాదం కనిపిస్తున్నాయా? హర్డిల్ మీద నుంచి ఆ కాలు ఎలా తెచ్చిందో చూడాలి. లాస్ ఏంజెలెస్‌లో సెకనులో నూరో వంతుతో పోయిన పతకం కదా.

అటక_సామాన్లు
సోమవారం, సాయంత్రం 6.32

ఉంది. మోకాలు చంక దగ్గరికి వచ్చి, పాదం పక్కకి తిరిగి ఉంది. రేపు పొద్దున గొట్టంలో చుట్టి పంపిస్తా.